ప్రహ్లాదునికి విషమిచ్చింది ఎవరు

కామారెడ్డి,
21 ఆగస్టు 2025, గురువారం.

బుజ్జి బాపుకు,

సుష్మిత దండం పెట్టి రాసేది. భీవండి మగ్గాల కాడ మీ పానం మంచిగున్నదనుకుంటున్న. మేం బాగున్నమని మాత్రం రాయలేకపోతున్న. ఫోన్ల జ్వరమని చెప్పిన గని, బుజ్జి సోమవారం సంది ఇక్కడ ఆస్పత్రిలున్నది. మీ గొంతు వింటే చెప్పలేనని రాస్తున్న. మన వాడకట్టు సుందర్ అన్న రేపు అక్కడికే వస్తున్నడు, ఆయన చేతికిస్తున్న.

శ్రావణమాసమని మన ఎల్లారెడ్డి ఫంక్షన్ హాల్ల రాజలింగు స్వామి అని ఒకాయన రోజూ కథలు చెప్తున్నడు. ఆయన చెప్పిన ప్రహ్లాదుని కథ మనం విన్నది కాదు. ప్రహ్లాదుడు పుట్టు రోగి అట. తల్లి మందులన్నీ పారబోసి, దేవుని మీద భారమేసి విషం తాపితే రోగమే చచ్చిందట. మీ పిల్లలకు మందులు మానుండ్రి, భక్తి ఉంటే ఏం గాదు అన్నడు. మా అత్త, అదే మీ అవ్వ, నమ్మింది. శనివారం సంది బుజ్జికి షుగర్ సూది వేయనియ్యలేదు.

ఆదివారం బుజ్జి ఒకటే నీళ్లు తాగింది. సోమవారం కక్కుడు మొదలైంది. విబూది పెట్టిస్తమని హాలుకు తీసుకపోయినం. అక్కడ నేను లేచి అడిగిన. "స్వామీ, మేం విన్న కథల ప్రహ్లాదునికి విషమిప్పించింది హిరణ్యకశిపుడు. ఆయన రాక్షసుడు. మమ్ముల ఎవరి తీరుగ చేయమంటున్నవు?"

మీ అవ్వ నా చెయ్యి గుంజి కూసోమన్నది. స్వామి నవ్విండు. బిడ్డకు ఏమన్న అయితే అది ఈమె అపనమ్మకమే అన్నడు. అందరూ మా దిక్కే జూసిండ్రు.

అప్పటికే బుజ్జి రొప్పుతున్నది. పిలిస్తే కండ్లు తెరవలే. నేను ఎత్తుకొని ఆటో కాడికి ఉరికిన. కామారెడ్డి దాకా దాని ముక్కు కాడ వేలు పెట్టి ఊపిరి చూసుకుంటనే ఉన్న. ఇంకో పూట ఆలస్యమైతే అని డాక్టరమ్మ మాట మధ్యలనే ఆపింది.

ఇయ్యాల పొద్దుగాల కండ్లు తెరిచి దూపైతుంది, నీళ్లియ్యమన్నది. గండం గడిచిందంటున్నరు. అయినా నర్సు గబగబ వచ్చినప్పుడల్లా లేచి నిలబడుతున్న. ఉత్తరం అందంగనే బయలెల్లుండ్రి.

ఇట్లు,
సుష్మిత

తా.క. ఉత్తరం మడిచి మళ్ల విప్పిన. సూది ఆపింది మీ అవ్వ కాదు, నేను. "ఇంకెన్ని దినాలు గుచ్చుతవమ్మా" అని బిడ్డ రోజూ అడుగుతుంటే తట్టుకోలేక స్వామి మాట పట్టుకున్న. వేసిన అని అవ్వకు అబద్ధం చెప్పిన. హాల్ల లేచి అడిగింది ఆమె. చెయ్యి గుంజి కూసోమన్నది నేను. బుజ్జిని నా ఒళ్లె నుంచి గుంజుకొని ఉరికింది కూడ ఆమెనే. ఆటోల అవ్వకు నిజం చెప్పిన. ఇప్పుడు వార్డు బయట కింద కూసొని ఉన్నది. బుజ్జికి పూర్తిగ తెలివొచ్చినంక, సూది ఎందుకాపినవమ్మా అని అడుగుతదేమోనని నాకు భయమైతుంది.