మైపాడులో నీ ఆఖరి రీలు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఊరూరా తిరిగి దారినపోయే వాళ్లనందరినీ ఫోటోలు తీసినావే, నీదొక్కటి తీయించుకోను తీరిక దొరకలేదా? దండ వేద్దామంటే గోడమీద ఏమీ లేదు.

నీ కెమెరాలో మిగిలిపోయిన రీలు మొన్న కడిగించినాను. మైపాడు వీధిలో వల బాగుచేసుకుంటూ నవ్వుతున్న మనిషి కనబడినాడు. ఆ ఫోటో అతనికే ఇద్దామని బస్సెక్కిపోయినాను. పోయిన తుఫానులో వేటకు పోయి తిరిగి రాలేదంట. వాళ్లమ్మ దగ్గర కూడా కొడుకు ఫోటో లేదు.

ఆమె కుంకుమ తడిపి ఫోటోలో కొడుకు నుదుట బొట్టు పెట్టింది. అతని కాళ్లమీద పడిన నీడ చూసి, "ఇదెవురిది నాయనా?" అనింది.

"ఫోటో తీసిన మా అన్న నీడమ్మా. ఆయన కూడా లేడు."

ఆమె మళ్లీ కుంకుమలో వేలు ముంచి, నీ నీడకూ బొట్టు పెట్టింది.