మూలలు నల్లబడ్డ కార్డు

మహబూబ్‌నగర్
2-8-1997

లతీఫ్ అన్నకు, తమ్ముడు రామచంద్రం నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మీకి నిమోనియా తగ్గి దవాఖాన నుంచి ఇంటికి వచ్చిందని విని మనసు కుదుటపడింది.

సెకండ్ హ్యాండులో విదేశీ కారు కొన్నానని చెప్పాను కదా. అది నల్లటి పొగ వదులుతూ మలుపు మలుపుకీ ఆగిపోతోంది. పొగగొట్టానికి సెన్సర్ అని ఒకటి ఉంటుందట. ఇంజన్ వదిలే పొగను చూసి పెట్రోలు ఎంత పోయాలో చెబుతుందట. అది చెడిపోయింది. మారుద్దామంటే తుప్పుపట్టి గొట్టంలోనే బిగుసుకుపోయింది. ఇక్కడి మెకానిక్కులు బానెట్ ఎత్తి, లోపలికి తొంగిచూసి, దించి వెళ్ళిపోతున్నారు. మీ రిపేరు షెడ్డుకు తెద్దామంటే ఈ బండి జడ్చర్ల దాటదు. ఎలా ఊడదీయాలో రాసి పంపండి, ఇంట్లో నేనే తీసుకుంటాను.

తొందర ఎందుకంటే, మీ ఇంట్లో ఉండి హైస్కూలు చదివిన రోజుల్లో అమ్మీకి ఒక మాటిచ్చాను. కారు కొన్ననాడు నాగార్జునసాగర్ గేట్లు చూపిస్తానన్నాను. ఈసారి గేట్లు ఎత్తుతారంటున్నారు.

మీ తమ్ముడు,
రామచంద్రం

తా.క.: నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పే లెక్చరర్ని. మరీ వివరంగా రాయక్కర్లేదు.


(కార్డు)
నకిరేకల్
8-8-1997

తమ్ముడు రామచంద్రానికి, లతీఫ్ సలాం.

ఫిజిక్సు చెప్పేవాడివి కాబట్టే వివరంగా రాస్తున్నా. సుత్తి ముట్టుకోకు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సెన్సర్ మొదట్లో తుప్పు వదిలించే నూనె పొయ్యి. మూడు రోజులు పొయ్యాలి. నాలుగో రోజు నూనె తుడిచి, ఇంజన్ ఐదు నిమిషాలు నడిపి ఆపు. గొట్టం వెచ్చగా ఉండగానే, చేతికి మందపు గుడ్డ చుట్టుకో. పాతది ఎట్లాగూ పారేసేదే, వైరు కోసేసి రింగు పానా తొడుగు. ఎడమకు కొంచెం, మళ్ళీ కుడికి కొంచెం. కోపం వస్తే వదిలేసి చాయ్ తాగిరా.

నీ అన్న,
లతీఫ్

తా.క.: ట్రాక్టరు గేరుబాక్సు విప్పి మధ్యలో రాస్తున్నా. చేతి మసి మూలలకు అంటింది. ఏమనుకోకు.


మహబూబ్‌నగర్
13-8-1997

అన్నా,

ఏమని రాయను? నిన్న మీ కార్డు వచ్చినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. పోస్టుమ్యాన్ పోచయ్య "నకిరేకల్ నుంచి" అని మెల్లగా చెప్పి ఇచ్చాడట. మూలలు నల్లగా ఉంటే చావు కబురేనని మా అత్తమ్మ గోపమ్మ దాన్ని గడప దాటనివ్వలేదు. ఆమెకు చదువు రాదు. బయటే చింపి మురికి మోరీలో వేసి, ఇంటిల్లిపాదికీ తలస్నానాలు చేయించింది. పోయింది అమ్మీయేనని నాకు ఒకరు చెప్పాలా?

నేను మాంసం తిననని నాకోసం వేరే గిన్నె పెట్టింది. ఆ గిన్నెలో గుడ్డు కూడా ఉడకనిచ్చేది కాదు. పరీక్షల రోజుల్లో నాకంటే ముందు లేచి చాయ్ పెట్టేది. నేను ఫస్టు క్లాసులో పాసైతే వీధంతా పంచదార పంచింది. ఇవన్నీ ఆమెకు ఒక్కసారైనా చెప్పలేదు. ఎప్పుడైనా చెప్పొచ్చులే అనుకున్నాను.

వెంటనే రావలసినవాణ్ణి. కారు కదలడం లేదు. కాలేజీలో పరీక్షల డ్యూటీ కూడా పడింది. క్షమించండి.

దుఃఖంలో ఉన్న తమ్ముడు,
రామచంద్రం

తా.క.: ఈ సమయంలో రాయకూడదు. కానీ మీ జవాబు రాలేదు కదా అని సుత్తితో కొట్టాను. సెన్సర్ పైసగం విరిగి చేతికొచ్చింది. కిందిసగం గొట్టంలోనే ఉంది.


నకిరేకల్
18-8-1997

రామచంద్రానికి, లతీఫ్ సలాం.

మా అమ్మ బతికే ఉంది. నీ ఉత్తరం వచ్చినప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

మా బిడ్డ జాహేదా గొంతెత్తి చదివింది. సగం చదివేదాకా పోయింది ఎవరో మాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నేను లాక్కోబోతే అమ్మ ఒప్పుకోలేదు. "సదువు బిడ్డా, ఇంకేం రాసిండో జర సూడు" అంది. గిన్నె మాట వచ్చిన చోట కళ్ళు తుడుచుకుంది. రెండోసారి చదివించింది. మూడోసారి పక్కింటి గుర్వమ్మను పిలిపించుకొని చదివించింది. చచ్చినదాని మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

కారు కదలక రాలేదన్న చోట మాత్రం మొహం ముడుచుకుంది. "నేను సచ్చిన్నని తెలిసినా గా కారు బాగైతెనే వస్తడా? నకిరేకల్‌కు బస్సులు బందైనయా?" అని నన్ను అడిగింది. నువ్వు ఇటు వచ్చి ఆరేళ్ళయింది.

తప్పు నా మసి చేతులదే. కార్డులో రాసిందంతా వేరే కాగితం మీద మళ్ళీ రాసి ఇందులోనే పెట్టాను. పానా పట్టే భాగం గొట్టంలో మిగిలిందా, అయితే ఇంకా ఆశ ఉంది. నీ మీద కూడా.

నీ అన్న,
లతీఫ్

తా.క.: ఆ గిన్నె ఇంకా ఉందని చెప్పమంది. ఈ ఉత్తరం రాసేది నేనే అయినా బస్సులో రమ్మనేది ఆమె.


మహబూబ్‌నగర్
3-9-1997

లతీఫ్ అన్నకు నమస్కారాలు.

సిగ్గుతో రాస్తున్నాను. ఉత్తరం అందిన రోజే బస్సెక్కాల్సింది. సంచి కూడా సర్దుకున్నాను. కానీ ఉత్తచేతులతో వచ్చి ఏం మొహం చూపించను? మాటిచ్చింది కారులో తీసుకెళ్తానని కదా. రెండు వారాలు ఆగితే కారులోనే దిగొచ్చనుకున్నాను.

ఆగినందుకు ఫలితం దక్కింది. అది ఊడింది! మీరు రాసినట్టే మూడు రోజులు నూనె పోశాను. నాలుగో రోజు ఎడమకు, కుడికి, మధ్యలో రెండు చాయ్‌లు. కిర్రుమని కదిలింది. అరిచిన అరుపుకు అత్తమ్మ పరుగెత్తుకొచ్చింది. కొత్త సెన్సర్ వారంలో హైదరాబాదు నుంచి వస్తుంది. పద్నాలుగో తేదీ, ఆదివారం, మీ వాకిట్లో హారన్ కొడతాను. ముందు సీటు అమ్మీది.

మీ తమ్ముడు,
రామచంద్రం

తా.క.: చింపినందుకు అత్తమ్మ చాలా బాధపడుతోంది. మీ ఊరికి వస్తున్న జానయ్యతో ఒక బట్టల సబ్బు పంపింది. ఇకమీదట కడుక్కొని రాయమంది.


నకిరేకల్
8-9-1997

తమ్ముడు రామచంద్రానికి,

గోపమ్మ గారి సబ్బు అందింది. దాంతోనే మూడుసార్లు చేతులు కడుక్కొని కూర్చున్నా. ఈ కార్డు నాలుగు మూలలూ తెల్లగానే ఉన్నాయి. ఎవరూ చింపకుండా నీ చేతికి రావాలని.

శుక్రవారం పొద్దున అమ్మ పోయింది. చాయ్ తాగి, గోడకు ఆనుకొని కూర్చుంది. మళ్ళీ లేవలేదు. సాయంత్రానికే మట్టి ఇచ్చాం. నీకు కబురు చేసినా అందుకోలేవని ఊరుకున్నా. నీ ఉత్తరం శనివారం వచ్చింది. సెన్సర్ ఊడిన సంగతి ఆమెకు తెలియదు.

కారు సంగతి పక్కన పెట్టి బస్సెక్కు అని నేనైనా గట్టిగా రాయలేకపోయాను. పని నేర్పే సంబరంలో నాకూ ఆ సెన్సరే ముఖ్యమైంది. ఆ మాట నన్ను తింటోంది.

నువ్వు రాసిన సంతాపం ఉత్తరం ఆమె దిండు కింద ఉంది. మడతల దగ్గర చినిగింది. తన మీద రాసిన మంచి మాటలు బతికుండగా విన్నది మా వీధిలో ఆమె ఒక్కతే.

నీ అన్న,
లతీఫ్

తా.క.: గురువారం కూడా జాహేదాతో చదివించుకుంది. తర్వాత అందిగదా, "వాడు ఏడ్సుడు ముందే అయిపోయింది, మళ్ళ ఏడ్వద్దని చెప్పు. గిన్నె తోమి పెట్టిన. బస్సుల రమ్మను."