మీ నాన్న పిస్తోలు పిడి

చిరంజీవి టేట్‌ను అమ్మ దీవించి రాసేది,

ఇక్కడ నేనూ, ముసలి కుక్కా క్షేమం. డిల్లన్‌లో అప్పుడే మంచు మొదలైంది. అక్కడ నువ్వూ, మార్సీ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి ఎక్కడికీ పోలేదు. పైకప్పు బాగు చేయించాను. హకుల్‌బెర్రీ పళ్ళ జామ్ నీ కోసం దాచాను. మార్సీ చేసే పంచదార పాకాన్ని జామ్ అనుకుని మోసపోకు. ఈ ముక్క ఆమెకు చదివి వినిపించకు.

ఇక నాన్న పిస్తోలు సంగతి. దుప్పుల వేటకు వచ్చినప్పుడు తీసుకెళతానన్నావు. తీసుకెళ్ళు, అది నీదే. కానీ పిడి లావుగా ఉంది, తుపాకులు బాగుచేసే గస్ చేత అరగదీయించి నా చేతికి సరిపెట్టుకుంటాను, ప్లాస్టిక్కే కదా అని రాశావే, అక్కడ నీ ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను. ఇన్నాళ్ళూ జవాబు రానిది అందుకే.

నీ చేతులు నా పోలిక, చిన్నవి. నాన్నవి పారలు. ఆపైన గడ్డి మోపులు కట్టే యంత్రం ఉంగరపు వేలు సగం తినేసింది. అప్పటినుంచి ఏ పిస్తోలూ ఆ చేతిలో కుదురుగా నిలవలేదు.

నువ్వు అప్పుడు నౌకాదళంలో ఉన్నావు. ఒక ఆదివారం నాన్న ఈ పిస్తోలు లోపలి ఇనుప సామానంతా ఊడదీసి తువ్వాలు మీద పరిచి, ఉత్త ప్లాస్టిక్ పిడి పట్టుకుని నా వంటింటి బల్ల దగ్గర చేరాడు. జారకుండా ఉండాలని కాలే టంకం కడ్డీతో దాని ఒళ్ళంతా చుక్కలు పొడిచాడు. ఆ కంపు నా ఆపిల్ కేకుకు కూడా పట్టింది. తర్వాత సగం వేలి దగ్గర ఖాళీ నింపడానికి గట్టిపడే జిగురు ముద్ద పెట్టి, దానిమీద పిడికిలి బిగించి, రెండో చేత్తో అదిమి పట్టాడు. అంటుకుపోకుండా అరచేతికి పంది కొవ్వు రాసింది నేనే.

"ఎంతసేపలా?" అన్నాను.

"అయిదు నిమిషాలు."

జిగురు డబ్బా తిప్పి చూస్తే అది నిదానంగా గట్టిపడే రకం. పొద్దుగూకేదాకా పడుతుంది.

"వదిలెయ్యవయ్యా, ఇంకోటి తెచ్చుకుందువుగాని."

"ఇప్పుడొదిలితే వేళ్ళ అచ్చు పాడైపోద్ది. నువ్వా కేకు పెట్టు."

"ఏ చేత్తో తింటావ్?"

"నీ చేత్తో."

తిట్టుకుంటూ, నవ్వుకుంటూ చెంచాతో తినిపించాను. పెళ్ళయ్యాక మేమిద్దరం అంతసేపు కదలకుండా ఎదురెదురుగా కూర్చున్నది అదొక్కసారే. ఎంత బాగుండిందో ఆ పూట!

ఇప్పటిదాకా నీకు చెప్పని మాట ఒకటుంది. నాన్న పోయినప్పటినుంచి, సాయంత్రం కాఫీ తాగాక ఆ పిడి పట్టుకుని కూర్చుంటున్నాను. తూటాలు తీసేసే ఉంటాయి, కంగారుపడకు. నా వేళ్ళు ఆ గుంటల్లో వదులుగా ఉంటాయి. సగం వేలి దగ్గర ఎత్తు తగలగానే మాత్రం మనిషి పక్కన ఉన్నట్టే ఉంటుంది. అరగదీస్తే ముందు పోయేది ఆ ఎత్తే, టేట్.

అయినా పిస్తోలు నీకేనని ఎప్పుడో మాట ఇచ్చాను కదా అని, పోయిన వారం గుండె రాయి చేసుకుని గస్ దుకాణానికి వెళ్ళాను. పిస్తోలు బల్లమీద పెట్టి, చెయ్యి మాత్రం తియ్యలేకపోయాను.

"ఏడుస్తావేంటి వదినా?" అన్నాడు గస్. "చట్టం లెక్కన పిస్తోలంటే లోపలున్న నంబరు కొట్టిన ఇనప ముక్కే. పిడి ఉత్త తొడుగు. టేట్‌కి కొత్త తొడుగేసి, దాన్నే అరగదీద్దాం."

"ముందే చెప్పి చావొచ్చుగా, దద్దమ్మా!"

"నువ్వడిగితేగా!"

ఆ తువ్వాలు మీద అన్నీ విడివిడిగా పరిచి ఉండగా చూసినదాన్ని, నాకే తట్టలేదు చూడు.

కొత్త తొడుగు తయారైంది. నువ్వు అంత దూరాన ఉన్నావు, కొలత ఎలాగని గస్ తల గోక్కున్నాడు. నీవి నా పోలికేగా, నా చెయ్యే పెట్టాను. నా వేళ్ళ ప్రకారమే గుంటలు తీశాడు. చట్టం చెప్పిన పిస్తోలు నీది. దాన్ని పట్టుకున్నప్పుడల్లా నువ్వు పట్టుకునేది నా చెయ్యి. మీ నాన్న చెయ్యి మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను.

ఇట్లు,
మీ అమ్మ
వెర్నా