స్పీకర్‌కి ఎడమ పక్క

సోమవారం
శాసనసభ్యురాలు కుమారి కెరిన్ టోజర్ గారికి, పార్టీ విప్ డెస్మండ్ క్విల్టీ రాసేది.

శుక్రవారం సభ టీ గదిలో మీరు పదిహేడు నిమిషాలు ప్రతిపక్షం వాళ్ళ బల్ల దగ్గర కూర్చున్నారని సమాచారం. ఏం మాట్లాడారో రాతపూర్వకంగా తెలపండి.

ఈ గురువారం చిన్న బడుల విలీన బిల్లుకి ఓటింగ్ ఉంది. మీరు కొత్తవారు కనక చెబుతున్నాను. గంట మోగిన నాలుగు నిమిషాలకి తలుపులు మూసేస్తారు. అవుననేవాళ్ళు స్పీకర్‌కి కుడి పక్క, కాదనేవాళ్ళు ఎడమ పక్క కూర్చోవాలి. కూర్చున్న చోటే మీ ఓటు. మనం నలభై ఏడుగురం, వాళ్ళు నలభై నలుగురు. ఒకరు జారినా గట్టెక్కుతాం, ఇద్దరు జారితే మునుగుతాం.

ఇట్లు,
డి. క్విల్టీ

తా.క.: సమాచారం ఇచ్చినవారి పేరు రహస్యం. టీ పోసే పావ్లిచ్ గారిని అనుమానంగా చూడకండి.

సోమవారం సాయంత్రం
గౌరవనీయులైన విప్ గారికి కెరిన్ టోజర్ నమస్కారాలు.

ఆ గదిలో హీటర్ ఉన్నది వాళ్ళ బల్ల పక్కనే. చలేసి కూర్చున్నాను. “ఆ సాస్ ఇలా ఇవ్వండి” అన్నాను. ఇచ్చారు. అంతే.

మీతో నేను మాట్లాడాలనుకున్నది వేరే సంగతి. ఈ బిల్లు నెగ్గితే మా విరాబిన్‌లో పదకొండుమంది పిల్లలున్న బడి మూతపడుతుంది. తర్వాతి బడి డెబ్భై కిలోమీటర్లు. మా నాన్న గొర్రెల ఉన్ని కత్తిరించే కూలీ. ఆయన సంతకం ఇప్పటికీ ఇంటూ గుర్తే. మా ఇంట్లో పేరు రాయడం మొదట వచ్చింది నాకు. నేర్పింది ఆ బడి. పార్టీ సమావేశంలో నాకు అయిదు నిమిషాలు ఇప్పించండి.

మీ విధేయురాలు,
కెరిన్

తా.క.: పావ్లిచ్ గారు అడగమన్నారు. ఆవిడ చూసినవి మాత్రమే మీకు చెప్పాలా, చూడనివి కూడానా?

మంగళవారం
కుమారి టోజర్ గారికి,

‘సాస్’ అంటే ఏమిటో తేల్చడానికి ముగ్గురం పెద్దలం గంటసేపు కూర్చున్నాం. వ్యవసాయ శాఖ అని ఇద్దరం అనుకున్నాం. వాళ్ళు ఇవ్వజూపింది మంత్రి పదవా, కాదా?

సమావేశంలో అయిదు నిమిషాలు కుదరవు. మన పార్టీలో ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు, సభకి వచ్చేటప్పుడు ఇంట్లో పెట్టి రావాలి. ఎదురు ఓటేస్తే బహిష్కరణే. చేరేటప్పుడు మీరు సంతకం పెట్టిన కాగితం నా బీరువాలో ఉంది.

ఇట్లు,
డి. క్విల్టీ

తా.క.: జవాబులో దయచేసి ఆ పదం మళ్ళీ వాడకండి. టైపిస్టు భయపడుతోంది.

మంగళవారం, రిజిస్టర్డ్ పోస్టు
విప్ గారికి,

సంతకం పెట్టిన మాట నిజమే. కానీ మా ఊళ్ళో బాలట్ కాగితం మీద నా పేరు పక్కన గుర్తు పెట్టినవాళ్ళకి కూడా నేను మాట ఇచ్చాను. గురువారం నేను స్పీకర్‌కి ఎడమ పక్క కూర్చుంటాను. బిల్లుకి వ్యతిరేకంగా ఓటేస్తాను. బహిష్కరిస్తారని తెలిసే రాస్తున్నాను. మీ వెనక చేశానన్న మాట నాకొద్దు.

కెరిన్ టోజర్

తా.క.: అది టమాటా.

బుధవారం
అమ్మా కెరిన్,

నేను ఇరవై రెండేళ్ళుగా విప్‌గా ఉన్నాను. పార్టీ దాటేవాడు ముందురోజు కాళ్ళకి దణ్ణం పెట్టి మరీ విధేయత చాటుకుంటాడు. దాటుతున్నానని రిజిస్టర్డ్ పోస్టులో చెప్పినవాళ్ళు ఇంతవరకు లేరు. పైగా ఒక్కరు దాటితే బిల్లు ఆగదు. లెక్క తెలిసిన పిల్లవి, ఊరికే బహిష్కరణ తెచ్చుకుంటావా? అంటే రెండో మనిషి ఉన్నాడు. నేను నిన్ను కనిపెట్టుకుని ఉంటే అతను జారుకుంటాడు. అతనెవరో కూడా తెలిసింది. మెర్వ్ హాడ్రిక్. నీ పక్క సీటు పెద్దాయన. మూడు రోజులుగా కారణం లేకుండా నవ్వుతున్నాడు.

డి. క్విల్టీ

తా.క.: నీ మీద నిఘా తీసేశాను.

బుధవారం
విప్ గారికి,

హాడ్రిక్ గారు కొత్త పళ్ళు కట్టించుకున్నారు. నోరు మూత పడటం లేదు. దయచేసి నేను రాసింది రాసినట్టు నమ్మండి.

కెరిన్

తా.క.: ఎడమ అంటే ఎడమే.

శుక్రవారం
కుమారి టోజర్ గారికి,

నిన్న గంట మోగగానే హాడ్రిక్ లేచి బయటికి నడిచాడు. వెంబడించాను. మరుగుదొడ్డి తలుపుకి అడ్డం నిలబడి, ఎవరిని కలవబోతున్నావని అడిగాను. అతను, “ఏంరా డెస్, ఇరవై రెండేళ్ళు నువ్వు కూర్చోమన్న చోటే కూర్చున్నాను. ఇక్కడ కూడా నువ్వు చెప్పేదాకా ఆగాలా?” అన్నాడు. ఆ వాదన తేలేసరికి సభ తలుపులు మూసేశారు. తలుపు అద్దంలోంచి చూస్తే మీరు రాసిన చోటే కూర్చుని ఉన్నారు.

నలభై నాలుగుకి నలభై అయిదు. ఒక్క ఓటుతో ఓడాం. మీరొక్కరే దాటితే నెగ్గేవాళ్ళం. మీ బడి ఉంటుంది.

నిబంధన ప్రకారం ఎదురు ఓటేసిన మిమ్మల్నీ, చెప్పకుండా గైర్హాజరైన మా ఇద్దరినీ బహిష్కరించాలి. ముగ్గురు పోతే ప్రభుత్వమే పోతుంది కనక విచారణతో సరిపెట్టమన్నారు. విచారించాల్సింది విప్. నిన్న మధ్యాహ్నం నన్ను నేను విచారించుకున్నాను. నా జవాబులు నాకే నమ్మశక్యంగా లేవు.

ఇట్లు,
డి. క్విల్టీ

తా.క.: నిజం రాస్తే నేను నమ్మనని తెలిసే మీరు నిజం రాశారు. ఇంత పెద్ద కుట్ర నా సర్వీసులో చూడలేదు.