తిప్పి తియ్యి

అమ్మా,

మన అనంతగిరి తోటల్లో కాఫీ పళ్ల కోత మొదలైందట. నువ్వు లేకుండా ఇది రెండో కోత.

నేను పనిచేసే సిరంజిల ఫ్యాక్టరీలో ప్యాకింగుకి రోబో వచ్చింది. అది ట్రేలోంచి సిరంజిని నిటారుగా లాగుతుంటే సూది మూత ఊడిపోయేది. ఊడితే ఆ సిరంజి ఇక చెత్తబుట్టకే. ఇంజినీరు రెండు రోజులు వేగం తగ్గించి చూశాడు, కుదరలేదు. నాకేమో తోటలో నీ కేక గుర్తొచ్చింది: "ఏటే గుంటా, అలా లాగేత్తన్నావు? తిప్పి తియ్యి. తొడిమ ఊడితే మరేడాది పూత రాదు!"

"లాగేముందు కాస్త తిప్పించండి సార్" అన్నాను. నవ్వాడు గానీ తిప్పించాడు.

సాయంత్రం దాకా ఒక్క మూత ఊడలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగాడు.

"కాఫీ తోటలో మా అమ్మ నేర్పింది సార్" అన్నాను, లైనంతా వినేలా.

షిఫ్టు అయిపోయినా నిలబడి ఆ రోబోనే చూశాను. అచ్చం నీ చెయ్యే అమ్మా. అలుపొక్కటే లేదు.