ఇంటిపేరు అడిగిన గొంతు

నల్లపాడు,
ఫిబ్రవరి 2006.

అమ్మకు,

ఉదయశ్రీ నమస్కరించి రాస్తున్నది. మిరప ఘాటుకు వచ్చే తుమ్ములు తప్ప ఇక్కడ నేను క్షేమం. అక్కడ నీ మోకాళ్ళూ, నాన్న దగ్గూ, మగ్గం మీద సగంలో ఉన్న చీరా కులాసాగా ఉన్నాయని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. జవాబు రాద్దామని కూర్చోవడం, లేచి మంచినీళ్ళు తాగి రావడం, ఇదే సరిపోతోంది. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావేంటని ఇల్లుగలావిడ అడిగింది కూడా. తిండి సంగతి అడిగావు కదా, తింటున్నాను. నువ్వు పంపిన గోంగూర పచ్చడి అయిపోయింది. నేనొక్కదాన్నే తినలేదులే, ఇల్లుగలావిడ కూడా ఓ చెయ్యి వేసింది.

“ఊళ్ళు పట్టుకు తిరిగి జనాన్ని ఏడిపించడమూ ఒక చదువేనా?” అని రాశావు. నవ్వొచ్చింది కానీ, నువ్వన్నదాంట్లో అబద్ధం లేదు. కులాన్ని బట్టి మనుషుల్ని తక్కువగా చూడటం ఎలా ఉంటుందో చెప్పే పాఠాలు సీడీలో పెట్టి, ల్యాప్‌టాప్‌లో చూపిస్తాం. చూసినవాళ్ళకి కోపమొచ్చిందా, సిగ్గేసిందా, అసలేమీ అనిపించలేదా అన్నది నేను రాసుకోవాలి. పాఠం చివర తెర మీద మొహాలు వస్తాయి. నవ్వేది, ఏడ్చేది, కోపంగా చూసేది, ఊరకే ఉండేది. ఎవరికేమనిపిస్తే ఆ మొహం మీద నొక్కాలి. అదే నా పరిశోధన.

మొదటి పాఠం నాటకాల వాళ్ళ చేత చెప్పించాం. ఒక దుర్మార్గుడు అరుస్తాడు, ఒక పేదవాడు ఏడుస్తాడు. ఇక్కడికి దగ్గర్లో ఒక ఊళ్ళో అది వేస్తే, చలమయ్య గారని ఒక పెద్దరైతు లేచి కేకేశారు: “ఒరేయ్, అందరూ ఆ ఏడుపు మొహం నొక్కండ్రా! పాపం ఆడపిల్ల, ఎండనబడి వచ్చింది.” అందరూ నొక్కారు. ఇంటికొచ్చిన మనిషిని చిన్నబుచ్చకూడదని ఊరు ఊరంతా నాకోసం దుఃఖపడింది. దాంతో నా పాఠం బెడిసికొట్టింది.

ఇక శ్రీరమ్య సంగతి. నాతో పనిచేసే ఆ పిల్ల మళ్ళీ ఎందుకు రావడం లేదని అడిగావు, తనకోసం సున్నుండలు చుట్టి ఉంచానన్నావు. అమ్మా, ఇన్నాళ్ళూ దాటేస్తూ వచ్చింది ఇదే. ఎలా మొదలుపెట్టాలో తెలియక గోంగూర గురించి రాశాను.

తను మనింటికి వచ్చిన రోజు, కొత్త రికార్డరు పనిచేస్తుందో లేదో చూద్దామని భోజనాల దగ్గర ఆన్ చేసి పెట్టాం. నువ్వు నెయ్యి వేస్తూ, “మీ ఇంటిపేరేంటమ్మా?” అని అడిగావు. తను చెప్పింది. వాళ్ళు దళితులని నీకు తెలిసిపోయింది. ఇంకో చెంచా నెయ్యి వేసి, ఎంతో ప్రేమగా, “పర్లేదులేమ్మా, తిను” అన్నావు. నేను పక్కనే కూర్చుని పెరుగన్నం కలుపుకుంటున్నాను. నాకందులో తప్పేమీ వినపడలేదు. మా అమ్మ ఎంత మంచిదో అని మురిసిపోయాను కూడా.

గదికొచ్చాక ఇద్దరం రికార్డరు విన్నాం. శ్రీరమ్య ఒక్కటే అడిగింది: “పర్లేదన్నారు, బానే ఉంది. ఇంతకీ నేనేం తప్పు చేశానే?” తనకి నీ మీద కోపం లేదు. ఆ ప్రేమకి ఎదురు చెప్పలేను, ఊరుకోనూ లేను, అందుకే రాను అంటుంది. నాటకం పాఠం పోయాక, ‘దాని బదులు ఈ రికార్డింగే పాఠంగా పెడదాం’ అన్నది మాత్రం నేనే. తన ఇంటిపేరు తీసేసి పెట్టుకోమంది. నిన్ను నేను అడగలేదు.

అదే ఊళ్ళో మళ్ళీ వేశాం. నీ గొంతు రాగానే చలమయ్య గారు “అచ్చం మా వదిన మాట్లాడినట్టే ఉందే!” అని నవ్వారు. తర్వాత నవ్వలేదు. ఈసారి ఏ మొహం నొక్కాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. వెనక కూర్చున్న ఆదెమ్మ అనే ఆవిడ మళ్ళీ వేయమంది. విని, “నన్నూ ఇట్టాగే అన్నారమ్మా. అన్నావిడ మంచిదే. అందుకే అక్కడ ఏడవలేక ఇంటికొచ్చి ఏడ్చా” అంది. ఏ మొహమూ నొక్కకుండా వెళ్ళిపోయింది. ఏ ఊళ్ళో వేసినా నీ గొంతు వచ్చేసరికి నేను బయటికి పోతున్నాను. అందరి మనసులూ రాసుకునేదాన్ని, నాది రాయడానికి చెయ్యి రావడం లేదు.

వచ్చే శుక్రవారం నాడు చీరాలలో, మన వీధి వెనక చేనేత సొసైటీ హాల్లోనే ఆ పాఠం వేస్తున్నాం. మన వీధి ఆడవాళ్ళంతా వస్తారు. నీ పేరు ఎక్కడా లేదు, కానీ అక్కడ నీ గొంతు తెలియనిదెవరికి? వద్దంటే తీసేస్తాను, శ్రీరమ్య కూడా అలాగే చెయ్యమంది. ఉంచమంటే నీ పక్కనే కూర్చుంటాను, ఈసారి లేచిపోను. నువ్వు చెడ్డదానివని నేనెక్కడా అనలేదమ్మా. నీ మంచితనంలోనే పెరిగాను, అందుకే నాకది వినపడలేదు.

తిట్టాలనిపిస్తే తిట్టు. నాన్న ముందే తిట్టు. కొన్నాళ్ళు మాట్లాడకపోయినా పడతాను. కూతుర్నే కదా అని మాత్రం, “పర్లేదులే” అనకు.

ఇట్లు,
నిన్నడక్కుండా నీ గొంతు తీసుకున్న నీ కూతురు,
ఉదయశ్రీ