డిక్కీలో దొరికిన మూట

మల్లేశ్వరీ,

నిన్ను లేపబుద్ధి కాలేదు. మన పెళ్లిళ్ల కారు టాపు తెరిచాక మళ్లీ సరిగ్గా మూసుకోవట్లేదు, ముందువైపు బెత్తెడు సందు ఉండిపోతోంది. మెకానిక్ సుభానీ ఫోను ఎత్తట్లేదు, నరసరావుపేట పోయి వెంటబెట్టుకొస్తా. నువ్వు మాత్రం చేత్తో నొక్కమాక. అది గుడ్డ టాపు కాదు, ఇనుపది, అద్దం పగులుద్ది. మబ్బు పట్టింది. చినుకు పడితే మిరపకాయలు ఆరబోసే పట్టా కప్పు, బాగా దులిపి కప్పు. లేకపోతే రేపు దాచేపల్లి పెళ్లికూతురు ఊరేగింపంతా తుమ్ముతానే ఉంటది.

ఇందాక డిక్కీ తీసి చూశా. టాపు మడుచుకునే చోట నిమ్మకాయ, పటిక కట్టిన మూట ఉంది. దాని మీదే టాపు దిగి కొక్కెం వంగిపోయింది. కారుకు దిష్టి తగులుద్దని నువ్వే పెట్టుంటావు. నాతో ఒక్క మాట అంటే ముందు బంపరుకు కట్టేవాణ్ణి గదా! ఏం మనిషివే నువ్వు.

చద్దన్నం తినే పోతున్నా.

రామాంజి

మూట విప్పాక చూశా, ఆ గుడ్డ నా పాత గళ్ల చొక్కాది. దిష్టి కారుక్కాదు, నాకన్నమాట. నిమ్మకాయ నలిగింది గానీ పారెయ్యలా, జేబులో వేసుకొని పోతున్నా.